ఓటు అక్కడ... బతుకు ఇక్కడ!

పద్దెనిమిదేళ్లు నిండితే ఓటొచ్చేస్తుంది. ఉద్యోగం ఎప్పుడొస్తుందో, ఏ ఊళ్లో వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఇల్లు ఒకచోట, చదువు ఒకచోట, రేపటి కొలువు ఇంకెక్కడో... ఇలా ఏ ఊరికీ పూర్తిగా చెందని వయసులో ఓటు ఎక్కడ వేయాలి? అసలెందుకు వేయాలి? డిగ్రీ చదివే ఓ అమ్మాయిని రెండేళ్లుగా వెంటాడుతున్న ప్రశ్నలివి.

2024 మే 11, రెండో శనివారం. రాత్రి పది దాటింది. హైదరాబాద్ ఎల్బీనగర్ కూడలిలో ఇసకేస్తే రాలనంత జనం. సంక్రాంతి కాదు, దసరా కాదు. అయినా భుజాన బ్యాగులు, చంకన పిల్లలు, ఊరెళ్లే బస్సు కోసం ఎదురుచూపులు. సోమవారం పోలింగ్. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకేరోజు. తెలంగాణలో పార్లమెంటుకి.

ఆ జనంలో ఓ పద్దెనిమిదేళ్ల అమ్మాయి. డిగ్రీ బీకాం మొదటి సంవత్సరం. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలు. సొంతూరు ఒంగోలు దగ్గర ఓ పల్లె. 'బస్సెక్కావా తల్లీ?' అంటూ నాన్న అప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మామూలు రోజుల్లో అయితే అమ్మ చేస్తుంది, 'తిన్నావా' అని అడుగుతుంది. ఇప్పుడు నాన్నే స్వయంగా చేస్తున్నాడంటే కారణం ఒక్కటే. కూతురికి అది తొలి ఓటు.

ఈ అమ్మాయి పేరు ఏదైనా కావచ్చు. భాగ్యనగరం హాస్టళ్లలో అలాంటివాళ్లు వేలమంది. వాళ్లందరి కథనూ ఒక్కరిలో చూస్తే ఇదిగో, ఇలా ఉంటుంది.

పదకొండింటికి దొరికింది బస్సు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు చేరేసరికి వాహనాలు చీమల బారులా నిలిచిపోయాయి. పక్క సీట్లో గచ్చిబౌలిలో పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ముందు సీట్లో కూకట్‌పల్లిలో తాపీపని చేసుకునే దంపతులు. వెనక ఎవరో నర్సింగ్ విద్యార్థినులు. అందరూ బతికేది ఒకచోట, ఓటుండేది మరోచోట.

'మీ ఊళ్లోనే పెట్టుకున్నావేంటి ఓటు? హైదరాబాద్‌లో రాయించుకోకపోయావా?' అన్నాడు పక్క సీటతను.

'మరి మీరు?' అందా అమ్మాయి.

అతను నవ్వేశాడు. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నాడు. ఓటు మాత్రం చీరాల దగ్గరుంది!

ఏ ఊరు మీది?

ఓటరుగా చేరడానికి నింపాల్సింది ఫారం-6. పేరు, పుట్టినతేదీ, ఫొటో... అంతవరకూ ఇబ్బంది లేదు. ఆ తర్వాత వస్తుంది అసలు ప్రశ్న. మీరు మామూలుగా నివాసం ఉండే చిరునామా ఏది?

ఆ గడి దగ్గరే ఆ అమ్మాయి ఆగిపోయింది. ఏడాదిలో పది నెలలు ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. కానీ ఎవరైనా 'మీదే ఊరు' అనడిగితే చెప్పేది పల్లె పేరు. ఆధార్‌ కార్డులో ఉన్నదీ అదే. హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థులు ఇంటి దగ్గరైనా, హాస్టలున్న చోటైనా... రెంటిలో ఏదో ఒకచోట ఓటరుగా చేరొచ్చన్నది ఎన్నికల సంఘం నిబంధన. హాస్టలు చిరునామా ఇస్తే కాలేజీ ప్రిన్సిపల్‌ నుంచి ధ్రువీకరణ పత్రం తేవాలి. రెండుచోట్లా ఉంచుకోవడం మాత్రం కుదరదు, అది నేరం.

'ఇంకేందమ్మా ఆలోచన, మనూళ్లోనే రాయించు' అన్నాడు నాన్న. అలాగే రాయించింది. అప్పట్లో అదేమంత పెద్ద నిర్ణయంగా అనిపించలేదు.

నిజానికి ఆ ఫారం నింపడమే గొప్ప అనుకోవాలి. 2024 ఎన్నికలనాటికి దేశం మొత్తమ్మీద ఓటర్ల జాబితాలో ఉన్న 18-19 ఏళ్లవాళ్లు దాదాపు 1.8 కోట్లు. ఆ వయసు జనాభా అంచనాతో పోలిస్తే ఇది నూటికి నలభైమంది కూడా కాదు! మిగిలినవాళ్లు అసలు జాబితాలోకే ఎక్కలేదు. వాళ్లలో హాస్టలు గదిలో పక్క మంచం మీదుండే వరంగల్ అమ్మాయి కూడా ఒకరు. 'ఎవరు గెలిస్తే మనకేంటే? వాళ్లొచ్చి మనకు సప్లీలు రాసిపెడతారా?' అన్నది ఆమె వాదన. ఊరికి బయల్దేరుతుంటే ఆటపట్టించింది కూడా... 'పోనురాను పద్నాలుగు గంటలు ప్రయాణం, ఒక్క బటన్ నొక్కడానికి!'

నాన్న ఓటు... కూతురి ఓటు

బస్సు నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డెక్కింది. నిద్ర పట్టలేదు. నాన్న తన తొలి ఓటు గురించి చెప్పిన కబుర్లు గుర్తొచ్చాయి.

రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు మనదేశంలో ఓటు హక్కు వయసు 21 ఏళ్లు. రాజీవ్‌గాంధీ ప్రధానిగా ఉండగా 1988 డిసెంబరులో 61వ రాజ్యాంగ సవరణ బిల్లుకు పార్లమెంటు ఆమోదం లభించింది. 1989 మార్చి 28 నుంచి ఆ వయసు 18కి తగ్గింది. అదే ఏడాది నవంబరులో లోక్‌సభకీ మన అసెంబ్లీకీ ఎన్నికలు. అలా దేశంలో ఇరవై ఒకటి నిండకుండానే ఓటేసిన మొదటి బృందంలో ఆ అమ్మాయి తండ్రీ ఉన్నాడు. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు.

'కాగితం మీద ముద్ర గుద్ది మడత పెట్టాల. తప్పు మడత పెడితే తడి ఆరని సిరా పక్క గుర్తుకంటుద్దని మా నాయన ఇంటి దగ్గరే పాత కాగితంతో నేర్పించి తీసుకెళ్లాడు' అంటాడు. ఆనాడు ఆయన ఓటేసింది ఊళ్లోని ఎలిమెంటరీ స్కూల్లో. ఆ తర్వాత ముప్పయ్యైదేళ్లుగా వేస్తున్నదీ ఆ స్కూల్లోనే. కాగితం పోయి యంత్రం వచ్చింది. పార్టీలు వచ్చాయి, పోయాయి. రాష్ట్రం రెండైంది. ఆయన పోలింగ్ కేంద్రం మాత్రం మారలేదు.

ఆయనకి తెలుసు తన ఓటు దేనికో. పొగాకు ధర, బోరు కరెంటు, ఊరి రోడ్డు. ఎమ్మెల్యే ఊళ్లోకొస్తే నిలబెట్టి అడగనూ గలడు. ఎందుకంటే రేపు ఎక్కడుంటాడో, ఎల్లుండి ఏ పని చేస్తాడో ఆయనకి తెలుసు. కూతురికో? మరో రెండేళ్లకి హైదరాబాదా, బెంగళూరా, బ్యాంకు పరీక్ష పాసైతే ఏ ఉత్తరాది పట్నమో తెలీదు. 'నేనుండని ఊరికి ఎమ్మెల్యేని నేనెలా ఎంచాలి?'... పిడుగురాళ్ల దాటుతుండగా ఆ అమ్మాయికి వచ్చిన ఆలోచన ఇది.

ఫోన్ తీసింది. తమ నియోజకవర్గం అభ్యర్థుల అఫిడవిట్లు వెతికింది. ఆస్తులు, అప్పులు, చదువు, కేసులు అన్నీ ఉన్నాయందులో. ఈ వివరాలు ఓటరుకు తెలియాల్సిందేనని 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పబట్టే ఇప్పుడు బస్సులో కూర్చుని చూసుకునే వీలు కలిగింది. ఎవరూ నచ్చకపోతే? 2013 నుంచి 'నోటా' మీట ఉండనే ఉంది. అయితే ఎంతమంది దాన్ని నొక్కినా మిగతావాళ్లలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలుస్తారు. అంటే, అలిగినట్లు చెప్పుకోవచ్చు. ఆపడం కుదరదు.

నాయనమ్మ లెక్క

ఆదివారం మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరలేదు. సాయంత్రం వీధిలో అలికిడి. ఇద్దరు కుర్రాళ్లు చేతిలో జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నారు. గుమ్మం దగ్గర ఆగి పేర్లు చదివారు. నాన్న పేరు, అమ్మ పేరు, నాయనమ్మ పేరు... ఆఖర్న ఆ అమ్మాయి పేరు. పేరుకో కవరు.

తన పేరు అంత స్పష్టంగా, ఇంటిపేరుతో సహా ఎవరో చదవడం ఆ అమ్మాయికి చిత్రంగా అనిపించింది. కాలేజీలో స్కాలర్‌షిప్ కోసం తిరిగినప్పుడు ఏ గుమాస్తాకీ దొరకని పేరు, ఇక్కడ ఇంత తేలిగ్గా దొరికింది!

'నాకొద్దు' అంది.

ఓటుకి డబ్బివ్వడమే కాదు, పుచ్చుకోవడమూ నేరమే. జైలుశిక్ష దాకా వెళ్లొచ్చు. ఆ సంగతి చెప్పబోయింది. నాన్న కల్పించుకున్నాడు. 'తీసుకున్నంత మాత్రాన వాళ్లకే వేస్తామా ఏందమ్మా? వద్దంటే అవతలి పార్టీవాళ్లమనుకుంటారు. రేపు ఊళ్లో మొహాలు చూసుకోవద్దూ?' అన్నాడు. అందులో ఆశకన్నా మొహమాటమే ఎక్కువుందని ఆ పిల్లకి అర్థమైంది. చివరికి ఆమె కవరు మాత్రం వెనక్కి వెళ్లింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

నాయనమ్మకి మాత్రం ఏ సందేహమూ లేదు. 'నా ఓటు నా పింఛనుకే' అంది. ఆమె లెక్క తప్పు కాదు. ఎన్నికల తర్వాత ప్రభుత్వం మారింది. మూడు వేల పింఛను నాలుగు వేలైంది. పాత నెలల తేడా కలిపి 2024 జులై 1న ఏడు వేలు చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం మనవరాలికి ఫోన్ చేయించుకుని మరీ అడిగిందట... 'నా ఓటుకి నాలుగు వేలే! నీ ఓటుకేమొచ్చిందే?'

ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు.

ఏడు సెకన్లు

మే 13 సోమవారం. ఉదయం ఏడింటికే ఎలిమెంటరీ స్కూలు ముందు బారు పెరిగిపోయింది. బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లతో ఊరు నిండింది. మూడేళ్లుగా కనిపించని చిన్ననాటి స్నేహితురాళ్లంతా ఆ వరసలోనే తగిలారు. ఒకరు నర్సు, ఒకరికి పెళ్లైంది, ఒకరు చెన్నైలో బట్టల దుకాణంలో పనిచేస్తోంది. పదో తరగతి వీడ్కోలు తర్వాత అందరూ ఒకచోట కలవడం అదే మొదటిసారి.

రెండున్నర గంటలు నిలబడ్డాక వంతొచ్చింది. ఎడమచేతి చూపుడు వేలికి సిరా. 1962 నుంచీ మన ఎన్నికలకు మైసూరులోనే తయారవుతున్న చెరగని సిరా అది. అట్ట చాటున యంత్రం. మీట నొక్కగానే పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో ఓ చీటీ. ఎంచుకున్న అభ్యర్థి పేరు, గుర్తు. సరిగ్గా ఏడు సెకన్లు కనిపించి డబ్బాలోకి రాలిపోయింది. రెండో యంత్రం. మరో ఏడు సెకన్లు. అంతే!

బయటికొచ్చాక ఎందుకో కళ్లు చెమర్చాయి. ఎవరో గెలవాలని కాదు. ఊరి పెద్దలూ, ఇంటింటికీ కవర్లు పంచినవాళ్లూ, నాయనమ్మా, తనూ... అందరిదీ అదే వరస, అవే ఏడు సెకన్లు. ఎవరికీ ఎనిమిదో సెకను లేదు. అప్పటిదాకా సాంఘికశాస్త్రం పుస్తకంలో చదివి మార్కుల కోసం రాసిన సమానత్వం అన్న మాట ఆ రోజు మొదటిసారి కంటికి కనిపించింది.

ఆ ఒక్కరోజున ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం పోలింగ్ నమోదైంది. కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా జనం వరసలో నిలబడి ఓటేశారు. అదేరోజు హైదరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో ఓటేసినవాళ్లు నూటికి 48 మందే. ఊరికెళ్లే బస్సు టోల్‌గేటు దగ్గర ఆగిపోయిన భువనగిరి నియోజకవర్గంలో నూటికి 76 మంది! ఊరికీ నగరానికీ మధ్య దూరం కిలోమీటర్లలోనే కాదు, ఇలా కూడా కొలవొచ్చు.

నోటిఫికేషన్ల నీడలో

మళ్లీ హాస్టలు. వేలిమీది సిరా గోరుతోపాటు మెల్లగా పైకి జరుగుతోంది. ఉదయం కాలేజీ, సాయంత్రం బ్యాంకు పరీక్షల కోచింగ్. పై అంతస్తులో ఉండే అక్కలంతా గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లు. వాళ్ల గదుల్లోకెళ్తే రాజకీయం అంటే ఏంటో మరో రకంగా అర్థమవుతుంది.

వాళ్లలో ఒకామె 2022 అక్టోబరు 16న తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసింది. 503 పోస్టులకు మూడున్నర లక్షలకు పైగా దరఖాస్తులు. 2023 మార్చిలో ప్రశ్నపత్రం లీకైన సంగతి బయటపడి పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాసింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. మూడోసారి అదే ప్రిలిమ్స్! నియామక పత్రాలు అందేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది. ఈలోగా ఆ అక్కకి ఇరవై ఆరు పోయి ఇరవై తొమ్మిదొచ్చాయి. రెండు పెళ్లిసంబంధాలు వెనక్కిపోయాయి. 'ఇంకొక్కసారి రాస్తా నాన్నా' అని ఇంటికి చెప్పడం మాత్రం మానలేదు.

ఆంధ్రప్రదేశ్‌ సంగతీ అంతే. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ టీచర్ల భర్తీ పూర్తయింది 2025లో. 16,347 పోస్టులకు ఆ ఏడాది ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చి సెప్టెంబరులో నియామకాలు చేశారు. తలచుకుంటే ఐదారు నెలల్లో అయిపోయే పని. తలచుకోవడానికే ఏడేళ్లు పట్టింది. బీఈడీ పూర్తిచేసినవాళ్ల వయసులోంచి ఆ ఏడేళ్లను తిరిగి ఎవరిస్తారు?

నాయనమ్మ ప్రశ్నకు ఆ అమ్మాయికి జవాబు దొరకడం మొదలైంది ఇక్కడే. పెద్దవాళ్లకి ప్రభుత్వం అందేది రూపాయల్లో. చదువుకునేవాళ్లకి అందేది, పోయేది కూడా... కాలం. పింఛను ఒక నెల ఆగితే ఊరంతా గగ్గోలు. పరీక్ష ఏడాది ఆగితే ఎవరి గదిలో వాళ్లు ఏడ్చుకుంటారు. పింఛనుదారులంతా ఒకే ఊళ్లో, ఒకే జాబితాలో ఉంటారు. నిరుద్యోగులు తలో హాస్టల్లో, తలో ఊరి ఓటుతో ఉంటారు. అందుకే వాళ్లు ఎంతమందున్నా 'ఓటుబ్యాంకు' కాలేరు.

ఎంతమందున్నారో తెలుసా? అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో విడుదల చేసిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో మనదేశంలో డిగ్రీ, ఆపైన చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో 3.4 శాతమే! చదివినకొద్దీ ఎదురుచూపు పెరుగుతోందన్నమాట.

ఈ ఎదురుచూపులోనూ చిరునామాదే పెత్తనం. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువకాలం ఎక్కడ చదివారన్నదే స్థానికతకు కొలబద్ద. ఏ రాష్ట్రానికా రాష్ట్రం తన బిడ్డల గురించి ఆలోచించడంలో తప్పులేదు. కానీ హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్న ఒంగోలు పిల్లకి రెండో తరగతి బోనఫైడ్ సర్టిఫికెట్ కూడా భవిష్యత్తును నిర్ణయించే కాగితమే!

మాట్లాడే చోటేది?

ఇవన్నీ ఎవరితో మాట్లాడాలి? కాలేజీలో రాజకీయం మాటెత్తితే లెక్చరర్లు చుట్టూ చూస్తారు. ఇంట్లో అంటే 'నీకెందుకమ్మా, చదువుకో' అంటారు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ వీధుల్లోకి వచ్చినవాళ్లలో ముందున్నది విద్యార్థులే. 1969 తెలంగాణ ఉద్యమానికీ, 1972 జై ఆంధ్ర ఉద్యమానికీ, 2009 తర్వాత ఉస్మానియా ప్రాంగణానికీ ఊపిరి వాళ్లే. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ వాళ్లే. అయితే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. గొడవలు, కొట్లాటలు అందుకు కారణం. ఆ తర్వాత విద్యార్థి ఎన్నికలు ఎలా ఉండాలో చెప్పమని కోరితే మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం.లింగ్డో కమిటీ 2006లో సిఫార్సులు చేసింది. అభ్యర్థి ఖర్చు ఐదువేలు దాటకూడదు, 75 శాతం హాజరుండాలి... ఇలా. సుప్రీంకోర్టు ఆమోదించిన ఆ పద్ధతిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఎన్నికలు జరుగుతున్నాయి. మిగతా కాలేజీల పిల్లలకు ఆ అనుభవమే లేదు. వేదిక మీద నిలబడి మాట్లాడటం, ఓడినా గెలిచినవాడితో కలిసి తిరగడం... ఇవేవీ నేర్పకుండానే పద్దెనిమిదేళ్లు నిండగానే 'పోయి ఓటెయ్' అంటున్నాం.

ఓటెయ్యడానికి పద్దెనిమిదేళ్లు చాలు. సర్పంచిగా నిలబడాలంటే 21 ఏళ్లుండాలి. ఎమ్మెల్యేకైనా, లోక్‌సభ సభ్యులకైనా 25. 2024లో గెలిచిన లోక్‌సభ సభ్యుల సగటు వయసు 56 ఏళ్లు. అయినా పాతికేళ్ల వయసులోనే గెలిచి సభలో అడుగుపెట్టినవాళ్లు ఆసారి నలుగురున్నారు. ఆ వార్త చదివి నాయనమ్మకి చెబితే, 'అయితే నువ్వూ నిలబడరాదూ... ముందు మనూరి సర్పంచివి కా' అంది. నవ్వులాటకే అన్నా, ఆ మాట మనవరాలి మనసులో ఎక్కడో నాటుకుంది.

ఓటు మార్చుకుంటే...

డిగ్రీ చివరి ఏడాదికి వచ్చేసరికి అసలు గొడవ మొదలైంది. రోజూ తాగే నీళ్లు దిల్‌సుఖ్‌నగర్‌వి. రోజూ ఎక్కే సిటీ బస్సు ఇక్కడిది. హాస్టలు సందులో నెలల తరబడి వెలగని వీధి దీపం ఇక్కడిది. రాత్రి కోచింగ్ నుంచి వచ్చేటప్పుడు భయపడేదీ ఇక్కడే. వెళ్లి అడిగితే 'మీ ఓటెక్కడమ్మా?' అన్నది మొదటి ప్రశ్న. ఊళ్లో సమస్యలకేమో తను అక్కడ ఉండదు. పక్క మంచం మీది వరంగల్ అమ్మాయి ఒక్కమాటలో తేల్చేసింది... 'నీ ఓటు అక్కడ, నీ బతుకు ఇక్కడ. ఎవరికి భయపడతారే నిన్ను చూసి?'

ఈ చిక్కు ఒక్క విద్యార్థులదే కాదు. 2019లో దేశంలో దాదాపు 30 కోట్లమంది ఓటు వేయలేదు. పొట్టకూటికి ఊరు విడిచినవాళ్లు తిరిగి వెళ్లలేకపోవడం అందుకు ముఖ్యమైన కారణాల్లో ఒకటని ఎన్నికల సంఘమే చెప్పింది. ఉన్నచోటు నుంచే సొంత నియోజకవర్గానికి ఓటేసేలా 72 నియోజకవర్గాలను చూపగల యంత్రాన్ని తయారుచేయించి, 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. అనేక పార్టీలు అనుమానాలు లేవనెత్తడంతో అది ముందుకు సాగలేదు. సైనికులకు పోస్టల్ ఓటుంది. 85 ఏళ్లు దాటిన పెద్దలు ఇంటినుంచే వేయొచ్చు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఓటర్లుగా చేరొచ్చుగానీ స్వయంగా వచ్చి వేయాలి. అందుకే 2024లో జాబితాలో ఉన్న సుమారు 1.19 లక్షలమంది ప్రవాసుల్లో వేసింది మూడువేల మంది లోపే. హాస్టలు పిల్లలకీ అంతే. బస్సెక్కాల్సిందే.

లేదంటే ఫారం-8 నింపి ఓటును ఉన్నచోటికి మార్చుకోవాలి. ఓ ఆదివారం ఆ మాటే ఫోన్లో నాన్నతో అంది.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, 'అంటే ఇక్కడ పేరు తీసేస్తారా?' అనడిగాడు.

'ఒక్కచోటే ఉండాలి నాన్నా.'

'రేషన్‌కార్డులో మీ అక్క పేరు పెళ్లయ్యాక తీసేశారు. ఇప్పుడు నీ ఓటూ తీసేస్తే ఊళ్లో నీదంటూ ఏముంటదమ్మా?'

ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తోచలేదు. ఆయన మాట్లాడుతోంది ఓటు గురించి కాదు. కూతురిక తిరిగిరాదేమోనన్న దిగులు గురించి. ఊళ్లో కుర్రకారు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే పోలింగ్ రోజునైనా అందరూ వచ్చి కనబడతారన్నది ఆ తరం ఆశ. ఓటు మారిందంటే ఆ ఒక్క దారీ మూసుకుపోయినట్లే వాళ్ల లెక్క. తనకేమో ఊరిని వదిలేయాలని లేదు, ఉంటున్న చోట పరాయిదానిలా బతకాలనీ లేదు.

నెలరోజులు ఆ ప్రస్తావన రాలేదు. ఈలోగా ఆ అమ్మాయి రెండు పనులు చేసింది. వీధి దీపం గురించి హాస్టల్లో ఉన్నవాళ్లందరితో సంతకాలు పెట్టించి, ఓటెక్కడని అడిగినా తగ్గకుండా అర్జీ ఇచ్చింది. వారం తిరక్కుండా దీపం వెలిగింది. రెండోది, పక్క మంచం అమ్మాయితో ఫారం-6 నింపించింది. అర్జీ మీద మొదటి సంతకం పెట్టింది ఆ వరంగల్ అమ్మాయే మరి! 'ఓటుంటే ఇంకా తొందరగా వెలిగేదేమోనే' అంటూ తనే ఫొటో తెచ్చిచ్చింది.

పండక్కి ఊరెళ్లినప్పుడు నాన్నకి ఈ దీపం కథ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. మర్నాడు బస్సెక్కించడానికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి అన్నాడు... 'ఉద్యోగం యాడొచ్చిద్దో ఎవరికి తెలుసులే. ఎక్కడుంటే అక్కడే రాయించుకో ఓటు. ఎయ్యకుండా మాత్రం ఉండమాక.'

ఫారం-8 ఇంకా నింపలేదు. ఊళ్లో పంచాయతీ ఎన్నికలొస్తే నాయనమ్మతో కలిసి వరసలో నిలబడాలన్నది ఆ అమ్మాయి కోరిక. ఆ తర్వాత, కొలువు ఎక్కడ దొరికితే ఓటూ అక్కడికే. గదికి అడ్వాన్సు కట్టిన నెలలోనే ఫారమూ నింపాలని డైరీలో రాసిపెట్టుకుంది.

రేపటి చిరునామా ఏదో ఇప్పటికీ తెలియదు. కానీ, అక్కడ వీధి దీపం వెలగకపోతే ఏం చేయాలో తెలుసు!

* * *

ఓటరుగా చేరాలంటే...

* 17 ఏళ్లు నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. 18 నిండాక జాబితాలో చేరుస్తారు.

* ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది అర్హత. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1... ఈ నాలుగు తేదీల్లో దేనికి వయసు నిండినా సరిపోతుంది.

* కొత్తగా చేరేవాళ్లకి ఫారం-6. చిరునామా మార్పుకీ, తప్పులు దిద్దుకోవడానికీ ఫారం-8. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో నింపొచ్చు, లేదా మీ ప్రాంత బూత్ స్థాయి అధికారికి ఇవ్వొచ్చు.

* హాస్టలు విద్యార్థులు ఇంటి చిరునామా, హాస్టలు చిరునామాల్లో ఒక్కటే ఎంచుకోవాలి. హాస్టలు చిరునామాకి కాలేజీ ధ్రువీకరణ పత్రం జతచేయాలి.

* గుర్తింపు కార్డుంటే చాలదు, జాబితాలో పేరుండాలి. పోలింగ్‌కి ముందే చూసుకోవాలి. సందేహాలుంటే 1950 నంబరుకి ఫోన్ చేయొచ్చు.